బావిగోడ మీది గీతలు

2024 ఏప్రిల్‌లో ఒకనాటి పొద్దున మా తమ్ముని కొడుకు వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. "పెదనాయనా, బోరు బండికి చెప్పి వస్తాను. బాయిలో నీళ్ళు మూడడుగులే ఉండాయి. ఇంకొక్క బోరు ఏసి చూద్దాము" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు. 1987 నుంచి ఇప్పటికి ఐదుసార్లు విన్నాం. ఐదుసార్లూ సరేనన్నాం. ఆరోసారి మాత్రం నాకు నోరు రాలేదు. "ముందు బాయిలోకి దిగి వద్దాం రా" అన్నాను.

ఆ బావిలో ఏముందో, అది ఎవరు తవ్వారో, తరువాత మా కొండ వాలులో నీటి కథ ఎట్లా నడిచిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఒక ఇంటి బావి చరిత్ర చరిత్ర అవుతుందా అని అడిగేవారు ఉండవచ్చు. రాజుల శాసనాలు గుడిగోడల మీద ఉంటాయి. రైతు శాసనం ఎక్కడైనా ఉంటే అది బావిలోనే ఉంటుందని నా నమ్మకం.

మాది దెంకణికోట తాలూకాలో ఒక కొండ వాలు పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం. నా చిన్నప్పుడు మాది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఊరు కదలలేదు, జిల్లా మాత్రం మూడు పేర్లు చూసింది. నేను ముప్పై ఏళ్ళు సర్వేయరుగా గొలుసు లాగినవాణ్ణి. అందుచేత ఏదైనా కొలిచి చూడనిదే నమ్మబుద్ధి కాదు. ఈ వ్యాసంలో మా బావి గురించి చెప్పే కొలతలన్నీ నా టేపుతో తీసినవే.

మా ప్రాంతం సముద్రమట్టానికి ఇంచుమించు మూడువేల అడుగుల ఎత్తున ఉన్న పీఠభూమి. నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని హోసూరు మీదుగా పారుతుంది గాని, అది పల్లంలో పారే ఏరు. కొండ వాలున ఉన్నవాళ్ళకు ఏరు కంటికి కనిపిస్తుందే తప్ప చేనికి అందదు. వాన పడితే గంటలో వంకల వెంబడి దిగిపోతుంది. నిలిచేది చెరువులో, లేకపోతే భూమిలో.

ఆ భూమి కూడా ఉదారమైనది కాదు. యానాం పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. గోదావరి ఒండ్రునేలలో ఇసుక పొరల నిండా నీరే. మా వైపు అట్లా కాదు. పైన ఎర్రమన్ను, దానికింద చీకిపోయిన రాయి - మేము చౌడురాయి అంటాం - ఇరవై ముప్పై అడుగులు, కొన్నిచోట్ల అంతకు ఎక్కువ. దానికింద కోట్ల ఏండ్ల నాటి నల్లబండ. చీకురాయి నీళ్ళు పీల్చి దాచుకుంటుంది. బండ దాచుకోదు. బండలో ఉన్న సందుల్లో, పగుళ్ళలో మాత్రం కాస్త నీరు నడుస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళు తగ్గిపోతాయి. మా నీటి చరిత్ర మొత్తానికి మూలసూత్రం ఇదే. దీన్ని మా తాతలు చదువుకోలేదు, చేత్తో తెలుసుకున్నారు.

1876-78 కాటకం మద్రాసు రాజధానినీ మైసూరు రాజ్యాన్నీ ఊడ్చిపెట్టింది. ఆ తరువాత తెల్లదొరల ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, తన భూమి కింద ఫలానా దారి అంటూ లేకుండా ఊరే నీటిని ఎంతైనా తోడుకునే హక్కు భూమి యజమానికి ఉంది. 1883 నాటి భూమి అభివృద్ధి అప్పుల చట్టం బావులు తవ్వుకునే రైతుకు తక్కావీ అప్పు ఇచ్చి, శిస్తుతోపాటు వాయిదాల్లో వసూలు చేసుకునే ఏర్పాటు చేసింది. ఒకటి హక్కు ఇచ్చింది, రెండవది డబ్బు ఇచ్చింది. చెరువు ఊరిది, బావి ఇంటిది అనే తేడా పూర్వం నుంచీ ఉన్నదే. ఈ రెండు చట్టాలతో దానికి ముద్ర పడింది.

మా తాత 1936లో, అంటే ధాత నామ సంవత్సరంలో, బావి మొదలుపెట్టాడు. డబ్బు తక్కావీది. చేతులు వడ్డెవారివి.

ఈ పత్రిక చదివేవారికి వడ్డెవారిని పరిచయం చేయనక్కరలేదు. తమిళనాట వారిని బోయర్ అనీ ఒడ్డర్ అనీ అంటారు. కర్ణాటకలో బోవి, వడ్డ. మహారాష్ట్రలో వడార్. పేరు మారింది గాని, ఇన్ని సీమల్లోనూ వారిలో చాలామంది ఇంటిమాట ఇంకా తెలుగే. వడ్డె అనే మాట ఓడ్ర శబ్దం నుంచి వచ్చిందనీ, వారి తొలి నెలవు ఒరిస్సా అనీ ఒక వాదం ఉంది. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో కూడా ఆ ప్రస్తావన ఉంది. రాతిపని చేసేవారు రాతివడ్డెలు, మట్టిపని చేసేవారు మన్నువడ్డెలు. బావికి ఇద్దరూ కావాలి. చెరువు కట్టలు, కోట గోడలు, రైలు దారులు, రోడ్లు - దక్షిణదేశంలో వారి గడ్డపార తగలని నేల తక్కువ. అయినా వడ్డెలలో కొన్ని శాఖలను తెల్లదొరలు నేరస్థ జాతుల పట్టీలో ఎక్కించారు. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు. మన ప్రాంతాల్లో వేలాది బావులు తవ్విన చేతులకు ప్రభుత్వం ఇచ్చిన బిరుదు అది.

మా నాయన చెప్పిన ప్రకారం, పన్నెండు మంది వడ్డెలు పిల్లాపాపలతో వచ్చి చేని గట్టున గుడిసెలు వేసుకున్నారు. మగవాళ్ళు తవ్వేది, ఆడవాళ్ళు తట్టలతో మోసేది. కూలి రోజుకు ఇంతని కాదు, తవ్విన మట్టి కొలతను బట్టి. మేస్త్రి మొదట చేనంతా రెండు రోజులు తిరిగాడట. పుట్టలు ఎక్కడున్నాయి, ఎండాకాలంలో కూడా ఆకు వాడని చెట్టేది, బండ ఏ వైపుకు వాలి ఉంది అని చూశాడట. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడవలేదు, వేపపుల్ల పట్టుకోలేదు. చివరికి రెండు వాలులు కలిసే మూలలో గడ్డపార దింపాడు.

ముప్పై అడుగుల చదరం. మొదటి మూడు నెలలు మన్ను, చౌడురాయి. అక్కడ గోడ జారకుండా రాతికట్టు. తరువాత బండ తగిలింది. సమ్మెట, ఉలి, తూట్లు పొడిచి మందు కూరి పేల్చడం. ఒక తూటు ఆలస్యంగా పేలి ఒక మనిషి చెయ్యి పోయిందని మా నాయన ఎప్పుడూ చెప్పేవాడు. అతని పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. బావి పేరు మాత్రం మా తాత పేరనే నిలిచింది. రెండో వేసవి చివర, తూర్పు మూలన బండ పగులులో జల పడింది. ఎనిమిది మట్ల బావి. ఒక మట్టు అంటే ఒక మనిషి నిలువు. నా టేపుతో 46 అడుగులు.

పని ముగించి పోయేనాడు మేస్త్రి మా తాతతో ఒక మాట చెప్పాడట. "సామీ, నీళ్ళు ఎప్పుడూ దిగనంత కిందికి దిగిన ఏడు, నీటి మట్టాన బండ మీద ఒక గీత కొట్టించు. పక్కన ఏడు పేరు రాయించు. నీ పిల్లోళ్ళకు లెక్క తెలుస్తాది." మా తాత ఆ మాట నిలబెట్టాడు. ఆయన తరువాత మా నాయన నిలబెట్టాడు. మా బావిలో తూర్పు గోడ మీద అట్లాంటి గీతలు మూడు ఉన్నాయి. 33 అడుగుల దగ్గర 'నందన' - అంటే 1952. ఆ ఏళ్ళలో రాయలసీమ కూడా కరువుతో అల్లాడింది. 35 అడుగుల దగ్గర 'పరాభవ' - 1966. 41 అడుగుల దగ్గర 'రుధిరోద్గారి' - 1983. ఉలితో చెక్కిన తెలుగు అక్షరాలు. 'ద్గా' కింద ఒత్తు సరిగా కుదరలేదు గాని చదవవచ్చు.

ఇక నీళ్ళు తోడడం మాట. కోస్తాలో మోట అంటారు, మేము కపిల అంటాం. కన్నడంవారు కపిలె అంటారు, తమిళులు కవలై అంటారు. ఒకే పనిముట్టు. రెండెద్దులు, గిలక, కింద తోలు తొండం ఉన్న పెద్ద బాన. ఎద్దులు వాలుబాటలో దిగుతుంటే బాన పైకి వస్తుంది. తొండం తాడు లాగితే నీళ్ళు తొట్టిలో పడతాయి. ఒక్కో బానకు నూరు, నూటయాభై లీటర్లు. పొద్దున నాలుగింటి నుంచి పదింటి దాకా తోలితే ఎద్దులు అలిసిపోయేవి, మనిషి అలిసిపోయేవాడు. అప్పటికి బావి కూడా అలిసిపోయేది. మధ్యాహ్నం, రాత్రి ఊట ఊరి, తెల్లారేసరికి మళ్ళీ నిండేది. ఎద్దు శక్తే నీటి వాడకానికి హద్దు. ఆ హద్దును ఎవరూ చట్టం చేసి పెట్టలేదు.

పాతరోజులన్నీ బంగారం అని నేను చెప్పడం లేదు. మా బావి గట్టు మీదికి అందరినీ రానిచ్చేవారు కారు. దళితవాడ ఆడవాళ్ళు కుండలు పెట్టుకుని దూరంగా నిలబడి, ఎవరైనా కపిల తొట్టి నుంచి పోస్తారా అని కాచుకుని ఉండడం నేను కళ్ళారా చూశాను. మహాద్‌లో 1927లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టడం ఎంత పెద్ద పనో, ఆ కుండల వరస చూసినవాళ్ళకు అర్థమవుతుంది. వాళ్ళ వాడలో చేతిపంపు పడిన తరువాతనే ఆ కాచుకోవడం తప్పింది. కాబట్టి బోరును ఒట్టి దోషిగా నిలబెట్టే హక్కు నాకు లేదు.

యంత్రం మన బావుల్లోకి రెండు దారుల్లో వచ్చింది. మొదటిది ఇంజను దారి. 1900 తరువాతి తొలి సంవత్సరాల్లో మద్రాసు రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు ఆయిల్ ఇంజన్లతో బావుల నీళ్ళు తోడించే ప్రయోగాలు చేశాడు. తరువాత మైసూరు రాజ్యంలో కూడా పనిచేశాడు. రెండవది కరెంటు దారి. నీలగిరుల్లో పైకారా 1932లో, మెట్టూరు 1937లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ తీగలు పల్లెలకు పాకడానికి ఇంకా ముప్పై ఏళ్ళు పట్టింది. మా బావికి 1972లో ఐదు హార్స్‌పవర్ మోటారు వచ్చింది. ఆ నెలలోనే మా నాయన ఎద్దుల్ని సంతకు తోలాడు. 1984లో చిన్న రైతులకు, 1990 నాటికి రైతులందరికీ తమిళనాడులో కరెంటు ఉచితమైంది. పేదరైతు బతికాడు, నిజమే. కాని ఎద్దు పెట్టిన హద్దు పోయింది, బిల్లు పెట్టవలసిన హద్దు రాలేదు.

అయినా 1983 దాకా బావి తట్టుకుంది. గీతలే సాక్ష్యం. 1952కూ 1966కూ మధ్య పద్నాలుగేళ్ళలో దిగింది రెండడుగులు. అప్పుడు కపిల. 1966కూ 1983కూ మధ్య పదిహేడేళ్ళలో దిగింది ఆరడుగులు. అందులో పదకొండేళ్ళు మోటారువి. ప్రతి గీత తరువాతా నీళ్ళు మళ్ళీ పైకి వచ్చాయి. రుధిరోద్గారి గీత కొట్టించిన నాడు మా నాయన పక్కన నేనూ ఉన్నాను. "ఇంకో గీతకు చోటు ఐదడుగులే ఉంది రా" అన్నాడాయన. దాని అర్థం అప్పుడు నాకు తట్టలేదు.

ఇక బోరు చరిత్ర. బండను తొలిచే పాత పద్ధతిలో బరువైన ఉలిని తాడుకు కట్టి ఎత్తి వేస్తూ ఉండేవారు. ఒక్క బోరుకు వారాలు పట్టేది. 1950ల తరువాత, సుత్తిని గొట్టం చివరనే అమర్చి, గాలి ఒత్తిడితో రంధ్రం అడుగున కొట్టించే పద్ధతి ప్రపంచంలో వ్యాపించింది. 1966-67లో బీహారు కరువు వచ్చినప్పుడు యూనిసెఫ్ ఇట్లాంటి యంత్రాలను మనదేశానికి తెప్పించింది. వాటి ఉద్దేశం తాగునీరు. బోరు వేయగానే సరిపోదు గదా, చేతిపంపు కావాలి. పోత ఇనుప పంపులు నెలలోనే విరిగిపోయేవి. జాల్నా, షోలాపూరు పట్టణాల్లో మిషనరీల వర్క్‌షాపులు గట్టి పంపులు చేశాయి. షోలాపూరు అంటే మన పద్మశాలీలు మగ్గాలు పెట్టుకున్న ఊరే. ఆ నమూనాను మెరుగుపరచి, కోయంబత్తూరు దగ్గర పరీక్షించి, మద్రాసులో తయారు చేసిందే 'ఇండియా మార్క్ టూ' పంపు. 1970ల చివర వచ్చిన ఆ పంపు తరువాత ఆఫ్రికా దేశాలకు కూడా పోయింది. ఇది మనదేశం గర్వపడవలసిన కథ.

తాగునీటి కోసం వచ్చిన యంత్రం చేనిలోకి రావడం తరువాతి అధ్యాయం. తిరుచ్చెంగోడు ప్రాంతంవారు బోరు బండ్ల వ్యాపారం పట్టుకుని, లారీల మీద యంత్రాలు ఎక్కించి దేశమంతా తిప్పారు. ఇప్పుడు ఏ రాష్ట్రంలో బోరు బండి కనిపించినా దాని మీద తిరుచ్చెంగోడు పేరు ఉండడం వింత కాదు. ఒకప్పుడు వడ్డెవారు నడిచి తిరిగిన దారుల్లో ఇప్పుడు ఈ బండ్లు తిరుగుతున్నాయి.

బోరు వేయడం చూడనివారికి నాలుగు మాటలు. నిమ్మకాయ, కర్పూరం అయిన తరువాత ఆరున్నర అంగుళాల సుత్తి దిగుతుంది. మన్ను, చౌడురాయి ఉన్నంత దాకా గోడ కూలకుండా కేసింగ్ పైపు దించుతారు. బండ తగలగానే కంప్రెసర్ అరుపు మారుతుంది. బూడిదరంగు పిండి ఆకాశానికి లేస్తుంది. పిండి తడిసి బురద అయితే పగులు తగిలిందని అర్థం. నీటిని ఒక గాడిలో పారించి, అంగుళంన్నర, రెండంగుళాలు అని లెక్క చెబుతారు. వెల అడుగు లెక్కన. లోతుకు పోయేకొద్దీ అడుగు వెల పెరుగుతుంది. "ఇంకో యాభై" అనే మాట దగ్గర రైతు గుండె తూగుతుంది. ఇప్పటిదాకా పెట్టిందంతా పోతుందేమో, ఇంకో యాభైలో ఉందేమో. జూదంలో ఉన్న బాధే ఇది.

మా ఇంటి లెక్క: 1987లో 180 అడుగులు, రెండంగుళాల నీళ్ళు. 1996లో 350. 2003లో 600. 2012లో 900, ముప్పాతిక అంగుళం. 2017లో, ఈశాన్య ఋతుపవనం తప్పిపోయిన మరుసటి ఏడు, 1,250 అడుగులు. ఒట్టి పిండి. ఆ ఒక్కరోజు ఖర్చు రెండు లక్షలకు పైన. ఆ అప్పు తీర్చడానికి మా తమ్ముడు వంక పక్కన ఎకరా అమ్మాడు. మొదటి బోరు వేసిన మూడేళ్ళకే బావి ఎండింది. మా బోరు, పక్కవాళ్ళ బోర్లు కలిసి చీకురాయిలోని నీళ్ళను కిందికి లాగేశాయి. ఎండిన బావిలో గీత కొట్టడానికి నీటి మట్టమే లేదు. అట్లా మా ఇంటి శాసనం 1983తో ఆగిపోయింది.

ఇక్కడ నా సర్వేయరు బుద్ధి ఊరుకోక ఒక లెక్క వేశాను. మా ముప్పై అడుగుల చదరపు బావిలో పది అడుగుల నీళ్ళు ఉంటే సుమారు రెండున్నర లక్షల లీటర్లు. ఆరున్నర అంగుళాల బోరులో నూరడుగుల నీళ్ళు ఉంటే ఆరువందల యాభై లీటర్లు. బావి నీటికి ఇల్లు. బోరు నీటికి వాకిలి మాత్రమే. ఇల్లు ఎక్కడో బండ పగుళ్ళలో ఉంది. ఆ ఇల్లు ఎంత పెద్దదో, ఎంత ఖాళీ అయిందో పైనుంచి కనపడదు. బావిలో నీళ్ళు దిగుతుంటే పొద్దున లేచిన ప్రతివాడూ చూసేవాడు, భయపడేవాడు, మడి తగ్గించేవాడు. బోరులో మోటారు గాలి కక్కేదాకా ఎవరికీ తెలియదు. మనం పోగొట్టుకున్నది నీళ్ళు ఒక్కటే కాదు, నీళ్ళ లెక్క కూడా. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే.

లోతు నీటికి ఇంకో గుణం ఉంది. బండలో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు చేరుతుంది. మనదేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి 1937లో లోకానికి చెప్పింది నెల్లూరు జిల్లా నుంచే. నల్లగొండ కథ అందరికీ తెలిసిందే. మా కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకూ అదే గతి పట్టి, కావేరి నీళ్ళు తెచ్చే హొగెనకల్ తాగునీటి పథకం 2013లో ప్రారంభమయ్యే దాకా పిల్లల పళ్ళ మీద మచ్చలు మామూలు సంగతి. సరిహద్దు అవతల కోలారులో ఇంకో చిత్రం. బంగారు గనుల కోసం మూడు కిలోమీటర్లకు మించి భూమిలోకి దిగిన జిల్లా అది. గనులు 2001లో మూతపడ్డాయి. ఆ జిల్లా చెరువులు నింపడానికి 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి పంపుతున్నారు.

చట్టం చేయలేదా అంటే చేశారు. తమిళనాడు 2003లో భూగర్భజల చట్టం చేసింది, 2013లో దాన్నే రద్దు చేసింది. పాడుబడ్డ బోర్లలో చిన్నపిల్లలు పడి చనిపోతుంటే, సుప్రీంకోర్టు 2010లో నియమాలు పెట్టింది. బోరు చుట్టూ కంచె, బోర్డు ఉండాలి, కేసింగ్ చుట్టూ సిమెంటు అరుగు కట్టాలి, నోటికి మూత బిగించాలి, వదిలేసిన బోరును అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. మా ఎండిన బోర్లు మూడింటిని నేను దగ్గరుండి మన్నూ రాళ్ళూ పోయించి పూడ్పించాను. మీ చేలలో అట్లాంటి నోళ్ళు తెరిచి ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

ఇక మా బావి మళ్ళీ వెలుగు చూసిన సంగతి. 1990 తరువాత ఆ బావి మా ఊరి కసవుదిబ్బ అయింది. 2019 వేసవిలో, మద్రాసు నగరమే నీళ్ళు లేక అల్లాడిన ఏడు, మా తమ్ముని కొడుకును ఒప్పించి పూడిక తీయించాను. బావులు శుభ్రం చేసే క్రేను, ఎనిమిదిమంది మనుషులు, ఇరవై రెండు రోజులు. 1,250 అడుగుల బోరుకు అయిన దానిలో సగం కూడా కాలేదు. గోడల్లో మొలిచిన రావి వేర్లు తవ్వి తీశారు. అవి వదిలితే రాతికట్టును చీల్చేస్తాయి. వానకు కొండ వాలు నుంచి వచ్చే నీళ్ళను కాలువ తీసి, ముందు ఒక గుంటలో మడ్డి దిగనిచ్చి, తేట నీటిని మాత్రమే బావి పక్కన రాళ్ళూ ఇసుకా నింపిన గోతిలోకి వదిలాం. నేరుగా బావిలోకి వదిలితే మురికీ, మందుల నీళ్ళూ చేరతాయి. 2021లో, 2022లో మంచి వానలు పడ్డాయి. ముప్పై ఏళ్ళ తరువాత బావిలో నీళ్ళు చూశాం. నందన గీత మునిగింది.

2023లో వానలు మళ్ళీ తప్పాయి. అట్లా 2024 ఏప్రిల్ నాటికి మూడడుగులు మిగిలాయి. ఆనాడు మేమిద్దరం మెట్లు దిగాం. వాడి కూతురు, తొమ్మిదేళ్ళది, వెనకాలే వచ్చింది. అది బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతుంది. గోడ మీది గీతలు చూసి "ఇవి ఏం బొమ్మలు తాతా?" అని అడిగింది. బొమ్మలు కావే, అక్షరాలు అన్నాను. మా వాడికి కూడా 'పరాభవ' కూడబలుక్కుని చదవడానికి కొంతసేపు పట్టింది. ఒక్కొక్క గీతకూ ఏడు చెప్పాను, లోతు చెప్పాను. పదిహేడేళ్ళలో ఆరడుగులు అన్నప్పుడు వాడు పైకి చూసి, కిందికి చూసి, "ఆ తరువాత మనం ఎన్ని అడుగులు దిగినాం పెదనాయనా?" అన్నాడు. 1,250 అని నేను చెప్పనక్కరలేకపోయింది.

వాడికి నేను బోరు వద్దని చెప్పలేదు. చెప్పే అధికారం నాకు లేదు. సేద్యం వాడిది, అప్పు వాడిది. లెక్క మాత్రం కూర్చుని వేశాం. మూడడుగుల నీళ్ళు, రోజూ ఊరే ఊట కొంచెం. టమోటా, గులాబి తోటకు చాలదు. అరెకరం పశువుల గడ్డికి, ఇంటికి చాలుతుంది. మిగిలిన చేనిలో వానకు రాగి, ఉలవ, అనప వేసుకోవచ్చు. రాబడి తక్కువే. వడ్డీ ఉండదు. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు బోరు బండివాడికి ఫోను చేసి, "ఈ ఏటికి వద్దులేప్పా" అన్నాడు. ఈ ఏటికి అన్నాడే గాని, ఎప్పటికీ అనలేదు. ఆ మాటను నేను మరచిపోలేదు.

ఆ వారంలోనే రాతిపని తెలిసిన ఒకాయనను పిలిపించాం. ఇంట్లో తెలుగు మాట్లాడే బోయరే. 43 అడుగుల దగ్గర, నీటి మట్టాన, గీత కొట్టి 'క్రోధి' అని చెక్కమన్నాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. సుద్దముక్కతో నేను రాసి ఇస్తే, దాని మీదనే ఉలి నడిపాడు. మా మనుమరాలు పక్కన కూర్చుని ఆ రెండక్షరాలూ పలక మీద దిద్దింది.

పాఠకులకు ఒక మనవి. హోసూరులోనో, కోలారులోనో, గంజాం కొండల దాపునో, షోలాపూరు పక్కనో మీ పెద్దల బావి ఒకటి ఉండి ఉంటుంది. చెత్తతో నిండి ఉన్నా సరే, ఒకసారి పోయి చూడండి. ఎన్ని మట్లో అడగండి, ఎవరు తవ్వారో అడగండి, ఏ ఏట ఎండిందో రాసిపెట్టండి. మన బడుల్లో మన అక్షరం తగ్గుతున్న కాలంలో, మన లెక్కలు మన అక్షరాల్లో ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో తెలుసుకోవడం కూడా చరిత్ర రచనే. మా బావిలో క్రోధి గీత కింద ఇంకా మూడడుగుల బండ ఉంది. దాని మీద ఇంకో పేరు చెక్కవలసిన అవసరం రాకుండా చూసుకోవలసింది మేమే.